చెంబెడు నీళ్లు

బస్సు కనగల్ దాటకముందే సైదమ్మ తల జాహేదా భుజం మీదికి ఒరిగిపోయింది. ఒరగనీ. పొద్దున్నుంచి ఆ నల్లగొండ దవాఖానా బల్లల మీద కూర్చుని కూర్చుని పిల్ల అలిసిపోయింది. కిటికీలోంచి వచ్చే వేడిగాలికి బురఖా లోపల జాహేదాకు వీపంతా చెమట, ఒళ్లో ఎక్స్‌రే కవరు, అది జారకుండా రెండు చేతులతో పట్టుకుంది, అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నట్టు, జారితే పగిలేదా ఏమన్నా, పగలాల్సింది ఎప్పుడో పగిలింది. మెడలో విజిలు గుచ్చుకుంటోంది, గ్రౌండులో తీసి మేకుకు తగిలించడం మరిచి అట్లాగే బస్సెక్కింది పొద్దున. ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది, గేటు దాటుతుంటే బోరు లారీ ఎదురొచ్చింది, వెనకాలే టేకుకర్రల డిపో నుంచి స్కూటరు మీద మెహమూద్ సాబ్. జాహేదా ఆటలు నేర్పే ఆ ఆడపిల్లల కాలేజీ పెట్టింది ఆయనే, కరస్పాండెంటూ ఆయనే. "పిల్లకు మోకాలు బెణికిందంటివి గద బేటీ, సూపిచ్చుకొని జల్ది రా. సాయంత్రం కమిటీ కూసుంటాంది. ఇంకో రెండొందల మందిని చేర్చుకుందామంటే జానయ్య సారు వద్దంటడు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్తె అయిపోతది. నీ మాట మీదనే గీ రెండో బోరు గూడ ఏపిస్తున్న" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ఆయనకు నవ్వకుండా మాట్లాడడం రాదు. ఒక్క మాట. పొద్దున ఆ ఒక్క మాట జాహేదా నోట్లో తయారుగా ఉంది, దాన్ని పెట్టుకునే నల్లగొండ వెళ్లింది, ఇప్పుడు ఆ మాటను ఎక్కడ ఉమ్మాలో తెలియడం లేదు.

బెణికిందట. బెణికితే రెండు మోకాళ్లూ ఒకేసారి బెణుకుతాయా, మెడ కూడా బెణుకుతుందా, ఆపాటి తెలివి లేదా తనకు. ఎముకల డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు, చూసి పిల్లను వంగమన్నాడు, గడ్డం ఛాతీకి ఆనించమన్నాడు, సైదమ్మ గడ్డం సగంలో ఆగిపోయింది. ఆ పిల్ల నవ్వింది కూడా, రాదు సార్ అని. అప్పుడు డాక్టరు జాహేదా వైపు తిరిగి, "ఎక్కడి నీళ్లు తాగుతది?" అన్నాడు. మోకాలు చూపిస్తే నీళ్ల సంగతి అడుగుతాడేమిటి అనుకుంది. "హాస్టల్ నీళ్లు సార్. నాలుగేండ్ల సంది హాస్టల్లనే ఉంటది." "బోరా?" "బోరే సార్. కమ్మగుంటయి." "కమ్మగనే ఉంటయి. ఎంత తాగుతది రోజుకు?" అయ్యో అల్లా, అప్పుడన్నా నోరు మూసుకోవచ్చు కదా. జాహేదా గర్వంగా చెప్పింది, నిజంగానే గర్వంగా, మెడ నిక్కించి మరీ చెప్పింది. "మా ఆటపిల్లలు అందరికన్న ఎక్కువ తాగుతరు సార్. నేనే దగ్గరుండి తాపిస్త." డాక్టరు పెన్ను కింద పెట్టాడు. తర్వాత, మర్రిగూడ దిక్కు ఎప్పుడన్నా పోయినవా అమ్మా, అక్కడ వంగిపోయినోళ్లను చూసినవా అన్నాడు. చూసింది. బస్సులోంచి చూసింది. కట్టె పట్టుకుని నేల చూస్తూ నడిచే ముసలివాళ్లను, ముసలివాళ్లు కాని వాళ్లను కూడా. జిల్లాలో ఎవరికి తెలియదు, బోరునీళ్లతో వచ్చి ఎముకలు వంచే ఫ్లోరైడ్ సంగతి. కానీ అది ఆ ఊళ్ల సంగతి, ఆ ఊళ్లలో పుట్టినవాళ్ల సంగతి అనుకుంది. తన గేటు లోపలికి కూడా వస్తుందని, పైపులో వస్తుందని, తన చెంబులోకి వస్తుందని ఎట్లా అనుకుంటుంది.

నీళ్లంటే ఆమెకు అనుమానం ఎప్పుడుందని. నందికొండలో పుట్టింది, కాలువ తలుపులు ఎత్తే లస్కర్ రజాక్ బిడ్డ. డ్యాము కాలనీలో పొద్దున లేస్తే నీళ్ల చప్పుడు, పడుకుంటే నీళ్ల చప్పుడు, బాపుకు జీతమిచ్చేది నీళ్లు, చేపలిచ్చేది నీళ్లు, అమ్మకు నడుం నొప్పి వచ్చినా, పక్కింట్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు నీళ్లు తాగమనేవాళ్లు. తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకు నల్లగొండ తీసుకొస్తే, పరుగులో అందరికన్నా ముందుండి, తాడు ఇంకా నాలుగడుగులుందనగా కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దున్నుంచి చుక్క నీరు ముట్టలేదు, నీళ్లు తాగితే బరువెక్కుతారని ఎవరో చెబితే నమ్మింది. బాపు గుంపును తోసుకుంటూ వచ్చి తల ఒళ్లో పెట్టుకుని చెంబు నోటికి ఆనించాడు, పానీ పియో బేటా, కిష్ణ ఒడ్డున పుట్టి నీళ్లు లేక పడిపోతవా అన్నాడు. ఏడ్చాడు కూడా. ఆ చెంబు మరిచిపోలేదు జాహేదా. పీడీ మేడం అయిన మొదటి రోజే రూలు పెట్టింది. పొడుగు విజిలు ఊదితే ఉన్నచోట ఉన్నట్టు ఆగాలి, కాలు గాల్లో ఉంటే గాల్లోనే. రెండు పొట్టి విజిళ్లు ఊదితే ఆట అయిపోయినట్టు, వరసగా వచ్చి తలా చెంబెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగాలి. చెంబు బోర్లించి చూపిస్తే గాని పోనిచ్చేది కాదు. కడుపు నిండింది మేడం అని గునిసేవాళ్లు పిల్లలు, గునిసిన వాళ్లకు ఇంకో సగం పోసేది. చదువుకునే పిల్లలు దాహమైతే తాగారు, లేకపోతే లేదు. వాళ్లు హాయిగా తిరుగుతున్నారు. చెంబులకు చెంబులు తాగింది ఆడేవాళ్లే, ఏరి ఏరి తెచ్చుకున్నవాళ్లే. ఛీ, ఎంత పద్ధతిగా చేసిందో, ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా.

పాత ఇంట్లో ఉన్నప్పుడు ఈ బాధ లేదు. కాలేజీ మొదలుపెట్టింది దేవరకొండ ఊళ్లో, ఖిల్లా గుట్ట కింద కిరాయి ఇంట్లో. పెరట్లో చేదబావి, గుట్ట మీద పడ్డ వాన అందులోకి దిగేది. ముప్పై మంది హాస్టలు పిల్లలకు ఆ బావి సరిపోయేది. కానీ ముప్పై మందిలోంచి ఖోఖో టీము ఎట్లా వస్తుంది, పన్నెండుమంది కావాలి, ఇద్దరికి జ్వరమొస్తే ఒకరికి కాలు మెలిక పడితే టీమే లేదు, మైదానంలో నిలబడకుండానే ఓడిపోయినట్టు రాసి పంపేవాళ్లు. ఆ అవమానం ఎవరికి, తనకు. అందుకే కమిటీలో లేచి మాట్లాడింది, ఆడమనిషి కమిటీలో లేచి మాట్లాడడం అదే మొదలు. "సాబ్, ముప్పై మందిలోంచి ఏరితే దొరికినోళ్లే ఆడుతరు. మూడొందల మందిలోంచి ఏరితే ఆడేటోళ్లు ఆడుతరు. గెలిస్తె పేపర్ల ఫోటో వస్తది, ఫోటో సూసి ఇంకో వందమంది చేరుతరు." ప్రిన్సిపాలు జానయ్య సారు కళ్లజోడు తుడుచుకుంటూ, ఇది చదువుల కాలేజా ఆటల కాలేజా మేడం, పిల్లలు పెరిగితే పాఠం చెప్పేటోళ్లు పెరగొద్దా, జాగా పెరగొద్దా అన్నాడు. జాగా అంటే జాగానే అడిగింది జాహేదా. గ్రౌండు కావాలి సాబ్, పరిగెత్తను జాగ కావాలి అంది. మెహమూద్ సాబ్ మురిసిపోయాడు, ఊరి బయట ఎర్రదిబ్బ మీద తన భూమి ఇచ్చేశాడు, షెడ్లు లేపారు, హాస్టలు అక్కడికే మారింది, బావి ఊళ్లోనే ఉండిపోయింది. అంతమందికి బావి ఏం సరిపోతుంది, బోరు వేశారు, లోతుకు పోతే గాని పడలేదు. నీళ్లు పరీక్ష చేయించాలని ఎవరికీ తట్టలేదు. నోట్లో పోసుకుని చూశారు, తియ్యగా ఉన్నాయన్నారు, అయిపోయింది. జాహేదా కూడా పోసుకుంది.

ఈ పిల్లనైతే మంద దగ్గర్నుంచి తెచ్చింది. ఎండాకాలం అడ్మిషన్ల కోసం సార్లంతా పదో తరగతి పాసైన పిల్లలున్న ఇళ్ల చుట్టూ తిరిగేవాళ్లు, జాహేదా మాత్రం కాళ్లు చూసేది. హాలియా దిక్కు కాలువ పక్కన కోసిన పొలాల్లో గొర్లమంద దిగి ఉంది, ఒక గొర్రె తప్పుకుని కాలువ గట్టు మీదికి ఉరికితే ఒక పిల్ల ఓణీ నడుముకు చుట్టి దాన్ని మళ్లేసిన తీరు చూసి, నడిచే ఆటోలోంచి దిగిపోయింది జాహేదా. అట్లా వంగి, అట్లా తిరిగి, నేల తాకి లేచి. తల్లి గుర్వమ్మ అంబలి కలుపుతోంది, తల కూడా ఎత్తలేదు. "మా సైదికి మందెనుక ఉరుకుడు తప్ప ఏమొస్తదమ్మా. పది పాసైందంటే గదే ఎక్కువ." "గా ఉరుకుడే కావాలమ్మా నాకు. నాకియ్యి, మూడు పూటల తిండి, చదువు, అన్నీ మేమే సూసుకుంటం. ఫికర్ చెయ్యకు." గుర్వమ్మ అప్పుడు తలెత్తి చూసింది. "కాళ్లు చల్లగుండాలె మా బిడ్డవి. ఎండల తిప్పకుండ్రి" అంది. ఎండలో తిప్పలేదు. పొద్దున్నే, సాయంత్రమే ఆడించింది. ఆ తల్లి అడిగినమాట తప్పలేదు జాహేదా, అడగని దానికే వచ్చింది చిక్కు. మంద ఎప్పుడూ కాలువల వెంట, కృష్ణ నీళ్ల వెంట తిరిగేది, ఆ పిల్ల పళ్లు చూస్తే తెలుస్తుంది, పాల గవ్వల్లా ఉన్నాయి. డాక్టరు అదే అన్నాడు, చిన్నప్పుడు మంచిగనే పెరిగింది, ఇదంతా మీ దగ్గర పట్టుకున్నదే అన్నాడు. మీ దగ్గర అని తన దిక్కే చూశాడు.

బస్సు గుంతలో పడి లేచింది, సైదమ్మ మూలిగింది గాని లేవలేదు. నిరుడు కప్పు కొట్టింది ఈ పిల్ల వల్లనే కదా. యూనివర్సిటీ పోటీల్లో పట్నం కాలేజీల పిల్లలు బూట్లేసుకుని వచ్చారు, వీళ్లను చూసి ముసిముసిగా నవ్వారు, సైదమ్మ స్తంభం చుట్టూ తిరుగుతుంటే వాళ్ల నవ్వు ఆగిపోయింది. దేవరకొండలో ఊరేగించారు, జాహేదాకు పూలదండ వేశారు, బురఖా మీదే వేయించుకుంది, చుట్టాలలో కొందరు మూతి తిప్పుకున్నారు, తిప్పుకోనీ అనుకుంది. ఆ సంవత్సరమే వందమంది కొత్తగా చేరారు. ఆ తర్వాతే మొదలైంది. ఖోఖోలో గొంతుకూర్చుని ఉండాలి, వెనక నుంచి ఖో అని వీపు తట్టగానే విల్లు వదిలినట్టు లేవాలి. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు అమీరున్నీసా వెనకనుంచి ఖో చెప్పింది, సైదమ్మ లేవలేదు. మళ్లీ తట్టింది, లేవలేదు. చేతులు నేలకు ఆనించి ముసలమ్మలా మెల్లగా లేచింది. పిల్లలంతా నవ్వారు, జాహేదాకు ఒళ్లు మండింది. కప్పు రాగానే నెత్తికెక్కిందా, కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నవా అని గ్రౌండు చుట్టూ పరిగెత్తించింది. కాళ్లు గుంజుతున్నయి మేడం అంది పిల్ల. గుంజితే తగ్గిపోతుంది, ఉరుకు అంది. ఉరికింది. ఎప్పుడు ఎదురు చెప్పింది గనక. చెమటలు కారుతూ వచ్చి నిలబడితే, పాపం, నీరసమేమోనని తనే జాలిపడి, చెంబు నింపి ఇచ్చింది. ఒకటి కాదు, రెండు చెంబులు. ఆ పిల్ల బోర్లించి చూపించింది.

మల్లేపల్లి చౌరస్తాలో బస్సు ఆగింది. మామిడిపండ్లవాళ్లు కిటికీల కింద చేరారు. సైదమ్మ కళ్లు తెరిచి, మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి జాహేదా వైపు చూసింది. ఎప్పట్నుంచి మెలకువగా ఉందో.

"మేడం, డాక్టర్ సారు నన్ను బయటికి పొమ్మని మీతోని ఏమన్నడు?"

"ఏమనలే. గోలీలు రాసిచ్చిండు."

"నేను తలుపుకాడనే నిలబడ్డ మేడం. అన్నీ ఇన్న."

జాహేదా ఎక్స్‌రే కవరును ఒళ్లోకి ఇంకా దగ్గరికి లాక్కుంది. పండ్లవాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు.

"పరుగు సంగతి మరిచిపొమ్మన్నడు గద" అంది సైదమ్మ. ఏడవలేదు. "నీళ్లు ఇడిస్తె గింతల్నే ఆగుతదన్నడు, పోయింది మళ్లా రాదన్నడు. మేడం, మీరు కమిటీల చెప్పకుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"చెప్తె హాస్టల్ మూసేస్తరు. అందర్ని ఇండ్లకు తోలిస్తరు. నేను మళ్ల మందకాడికే పోవాలె. గీ కాళ్లతోని మందెనుక గూడ ఉరకలేను. మా అమ్మ నన్ను ఏం జేస్కుంటది? కాలేజిల ఉంటె బెంచి మీద కూసోనన్న చదువుకుంట. మంచిగ సూసుకుంటనంటిరి గద మా అమ్మతోని. చెప్పకుండ్రి, మేడం."

బస్సు కదిలింది. జాహేదా ముసుగులోపల పెదవి కొరుక్కుని, "చెప్పను తీయ్. పండుకో" అంది. అంత తేలిగ్గా వచ్చేసింది మాట. సైదమ్మ చేయి పట్టుకుంది, ఆ చేయి వేళ్లు కూడా పూర్తిగా ముడుచుకోవడం లేదని అప్పుడు తెలిసింది.

చెప్పకపోతే ఏమవుతుంది. ఏమీ కాదు ఇవాళ. రేపు కూడా కాదు. ముందు ఆ రెండొందల మందిని చేరనీ, పెద్ద కాలేజీ అయితే సర్కారు కూడా భయపడుతుంది, ఇంతమంది ఆడపిల్లలున్న జాగాకు మంచినీళ్ల పైపు వేయక ఏం చేస్తుంది, అప్పుడు నెమ్మదిగా చెప్పొచ్చు. అంతవరకు ఆటపిల్లలకు మాత్రం ఊళ్లోంచి బావి నీళ్లు మోయిస్తే సరి. మరి మిగతావాళ్లకు? వాళ్లు తక్కువ తాగుతారులే. ఛీ, ఏం లెక్క ఇది, తాగేవాళ్లు ఎక్కువ వంగుతారు, తాగనివాళ్లు తక్కువ వంగుతారు, అదా న్యాయం. చెబితే మటుకు ఏమవుతుందో తెలుసు. షెడ్లకు తాళం. పిల్లలు పెట్టెలు సర్దుకుని బస్టాండులో. మెహమూద్ సాబ్ నవ్వు పోతుంది, ఆ ముసలాయన తన భూమి తవ్వించి ఆడపిల్లలకు విషం పోశాడని పేరొస్తుంది. జానయ్య సారు, నేను ముందే చెప్పిన గద అనడు కూడా, కళ్లజోడు తుడుచుకుంటాడు, అది ఇంకా అన్యాయం. తను మళ్లీ ఇంట్లో కూర్చుంటుంది, గ్రౌండులో బురఖా తీసి తగిలించే మేకు ఉండదు, ఆ మేకు దగ్గర రోజూ ఒక్క క్షణం ఒంటికి గాలి తగిలేది, అందుకే బతికింది ఇన్నాళ్లు. సరే, తన సంగతి వదిలేయ్. అమీరున్నీసా మొన్న చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి గోడ పట్టుకుంది. చూసీ చూడనట్టు ఊరుకుంది తను. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు, దాన్నెందుకు పక్కకు తోస్తున్నావే జాహేదా, కొత్తగా మొదలైనోళ్లు ఇప్పుడే నీళ్లు మారిస్తె తేరుకుంటరు, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. సైదమ్మకు మాట ఇచ్చింది. గుర్వమ్మకూ ఇచ్చింది. ఒకదాన్ని నిలబెట్టుకోవాలంటే ఇంకోదాన్ని మింగాలి, ఏది మింగాలో పిల్ల చెబుతోంది, ఎదురుచెప్పని పిల్ల మొదటిసారి ఒకటి అడిగింది. అడిగింది కదా. ఇస్తే పోదా. రెండొందల మందినే కదా చేర్చుకునేది, వాళ్ల మొహాలు కూడా ఇంకా తెలియవు, తెలియనివాళ్ల కోసం తెలిసిన పిల్లను బజారున పడేయాలా. చెప్పదు. నోరు విప్పదు. కమిటీలో కూర్చుని తల ఊపుతుంది, అంతే.

ఖిల్లా కనిపించింది, ఎండకు కాలి ఎర్రబడిన గోడలు. కాలేజీ మలుపులో కండక్టరు బెల్లు కొట్టాడు. సైదమ్మను నడుం పట్టి దింపింది, మెట్టు మెట్టుకు ఆగి దిగింది పిల్ల. దిగగానే చెవులు హోరెత్తిపోయాయి. బోరు బండి గ్రౌండు మధ్యలోనే నిలబడి ఉంది, ఖోఖో స్తంభాల మధ్యనే, తెల్లటి బండపిండి ఆకాశానికి లేస్తోంది. అంతలోనే పిండి తగ్గి బూడిదరంగు నీళ్లు ఎగిశాయి, ఎగిసి, మెల్లగా తేటపడ్డాయి. నీళ్లు పడ్డాయి. హాస్టల్లోంచి పిల్లలు గుంపుగా పరిగెత్తుకొచ్చారు, సెలవులకు ఇంటికి వెళ్లకుండా ఆట కోసం ఆపుకున్న పిల్లలు, తనే ఆపుకుంది. మొహాల మీద నీళ్లు పడుతుంటే ఎగురుతున్నారు. కమిటీ పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి జరుపుకుంటున్నారు. కొత్త బోరు పడితే ఏ ఊళ్లోనైనా అంతే, తీపా ఉప్పా చూడందే ఎవరూ ఊరుకోరు. అమీరున్నీసా దోసిలి పట్టింది. దాని పక్కన ఇంకొకతె, ఇంకొకతె, వరసగా, ఆట అయిపోయాక నిలబడే వరసలోనే నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే. మెహమూద్ సాబ్ దూరం నుంచి జాహేదాను చూశాడు. చేతిలో ఆటపిల్లల చెంబు ఉంది, అదే చెంబు, సొట్టపడ్డది, నిండా నింపి పైకెత్తి ఊపుతున్నాడు. ఏదో అంటున్నాడు, వినిపించడం లేదు, మొదటి చెంబు నీకే అనే అయి ఉంటుంది.

జాహేదా చేయి తనంతట తనే మెడలోకి పోయింది. ముసుగు వెనక్కి విసిరేసింది, రోడ్డు మీదనే, కమిటీ అంతా చూస్తుండగానే. విజిలు నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఊదింది, ఛాతీలో ఉన్న గాలంతా అయిపోయేదాకా ఊదింది. బోరు బండి హోరులో అది ఎక్కడికీ పోలేదు. ఎవరూ తిరిగి చూడలేదు. దోసిళ్లు పైకి లేస్తున్నాయి.

విన్నది ఒక్క సైదమ్మే. గేటు వైపు ఒక కాలు ముందుకు వేసిన పిల్ల, అలవాటుగా, వేసిన కాలు వేసినట్టే ఆగిపోయింది. ఒళ్లంతా తిప్పి మేడం మొహం చూసింది.

"చెప్పనంటిరి గద మేడం" అంది.

జాహేదా నోట్లో విజిలుంది. ఊపిరి తీసుకుని మళ్లీ ఊదింది, ఊదుతూనే గేటు తోసుకుని గ్రౌండులోకి నడిచింది.